గోదావరి దారి పట్టిన ఇరవై ఏడో నంబరు

ఆ రోజు పొద్దున సదయ్య అనుకున్న పని చాలా చిన్నది. మొదటి షిఫ్టుకు పోవాలి, వర్క్‌షాపులో కాసేపు కూర్చోవాలి, షిఫ్టు దిగగానే ఇంటికొచ్చి బర్రె ఈనేదాకా దాని పక్కనే మంచం వేసుకోవాలి. అతను గోదావరిఖని పక్కనున్న ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపరు ఆపరేటరు. అతను నడిపే ఇరవై ఏడో నంబరు డంపరు, రెండంతస్తుల ఇల్లంత బండి, బ్రేకుల పని కోసం వర్క్‌షాపులో పడి ఉంది. బండి నడవని రోజు ఆపరేటరు డ్యూటీ అంటే ఆ బండి నీడన కూర్చోవడమే.

చిక్కల్లా ఏమిటంటే, అదే రోజు అతని భార్య లింగవ్వ కమాన్‌పూర్ పోవాలి. ఆమె అక్క సారక్క కొత్త ఇంట్లో పాలు పొంగిస్తున్నది. పోకపోతే అక్కాచెల్లెళ్ల మధ్య ఏడాదిపాటు మాటలుండవు. కూతురు యమున వరంగల్‌లో నర్సింగ్ చదువుతూ హాస్టల్లో ఉంది. ఇక బర్రెను కనిపెట్టుకుని ఉండే మనిషి ఇంట్లో లేడు.

బర్రె పేరు సుక్కి. నొసట తెల్లని చుక్క ఉంటుంది. సంతలో పళ్లు చూసి, పొదుగు తడిమి, లింగవ్వ తనే ఎంచి తెచ్చుకున్న బర్రె అది. సాధుజంతువు. అయితే నెలలు నిండగానే దానికి మనుషుల మొహాలు చూడబుద్ధి కాదు. గుంజ పెరుక్కుని ఎటో వెళ్లిపోతుంది. పోయిన కాన్పుకు అట్లాగే పోయి, తుమ్మపొదల్లో ఒంటరిగా ఈనింది. మొగుడూ పెళ్లాం వెతికి పట్టుకునేసరికి దూడలో ప్రాణం లేదు. సుక్కి దాన్ని నాకుతూనే ఉంది. ఆ రోజు లింగవ్వ అన్నం ముట్టలేదు.

"యమున నాయినా, చెప్తున్న ఇను," అన్నది లింగవ్వ, బస్సుకు పోతూ పోతూ గడపలో నిలబడి. "దాని పొదుగు చూసినవా? ఇయ్యాల్నో రేపో ఈనుతది. ఈసారి గిట్ల దాన్ని పోగొట్టినవో, నువ్వు సుత ఇంటికి రాకు."

"నాకు డ్యూటీ ఉన్నది గదనే?"

"బండే రిపేర్ల ఉంటే ఏం డ్యూటీ? నడుమ నడుమ వచ్చి చూసి పో."

"గేటు కాడ నర్సింగం కాక పోనిస్తడా?"

"అదంత నాకు తెల్వది," అని లింగవ్వ కొంగు బిగించి వెళ్లిపోయింది.

సదయ్య మాత్రం పైకి బిక్కమొహం వేసినా, లోపల ధైర్యంగానే ఉన్నాడు. అతని జేబులో సబ్బుబిళ్లంత నల్లని డబ్బా ఒకటి ఉంది.

ఆ డబ్బా కథ చెప్పాలంటే కామరాజు గారి గురించి చెప్పాలి. కామరాజు గారు ఆ గనిలో ఇంజనీరు. భీమవరం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే జుట్టు నెరిసిన మనిషి. సకల జనుల సమ్మె ముగిసిన మరుసటి ఏడు, ఏ బండి ఎక్కడుందో అప్పటికప్పుడు వెతికి చూపించే కంప్యూటర్ పద్ధతి ఒకటి గనికి తేవాలని ఆయన పట్టుబట్టాడు. ముందు కొన్ని డంపర్లకు ప్రయోగంగా డబ్బాలు పెట్టించాడు. షిఫ్టు మొదట్లో ఆపరేటర్లందరినీ నిలబెట్టి వివరించాడు కూడా.

"కంప్యూటర్లో బండి నంబరు కొట్టామనుకోండి. ఆ క్షణంలో అది ఎక్కడుంటే అక్కడ ఎర్రచుక్క వెలుగుతుంది. నిన్న ఎక్కడుందో కాదు, ఇప్పుడు ఎక్కడుందో చూపిస్తుంది! అంబులెన్సులకు ఇదే, గూడ్సు రైళ్లకు ఇదే, సముద్రంలో పడవలకు ఇదే. ఆఖరికి అడవిలో పులి ఎక్కడ తిరుగుతోందో తెలుసుకోవడానికి దాని మెడకు కూడా ఇలాంటిదే కడతారయ్యా."

మిగతా వాళ్లు పులి అనగానే నవ్వారు. సదయ్య నవ్వలేదు. పులికి కట్టినప్పుడు బర్రెకు కడితే తప్పేముంది అన్న ఆలోచన అక్కడే పుట్టింది. తన బండి ఎలాగూ కదలదు. డబ్బా దానికి ఉన్నా లేకపోయినా ఒకటే. ఒక్కరోజు సుక్కి మెడలో ఉంటే ఎవరికి నష్టం? మధ్యలో కంప్యూటర్ గదికి పోయి, "సార్, నా బండి యాడున్నది, జర చూపెట్టుండ్రి," అంటే కామరాజు సారు సంబరంగా చూపిస్తాడు. సుక్కి కొట్టంలో ఉందో లేదో తెలిసిపోతుంది.

అంతా ఆలోచించుకున్న సదయ్య, ముందురోజే బండి నుంచి ఊడదీసి తెచ్చిన డబ్బాను పాత తువ్వాలలో చుట్టి సుక్కి మెడకు గట్టిగా కట్టాడు. దాని ముందు పచ్చగడ్డి మోపు వేశాడు. గుంజను ఒకటికి రెండుసార్లు ఊపి చూసి, నిశ్చింతగా డ్యూటీకి పోయాడు.

ఆ పొద్దునే జీఎం గారు ఈ కొత్త పద్ధతిని చూడటానికి వస్తారన్న సంగతి అతనికి తెలియదు.

జీఎం గారు వచ్చారు. గని మొత్తానికీ పెద్దదిక్కు. తక్కువ మాట్లాడి ఎక్కువ చూసే మనిషి. కామరాజు ఇస్త్రీ చొక్కాతో కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఈ రోజు జీఎం గారు సరేనంటే గనిలోని బండ్లన్నింటికీ డబ్బాలు వస్తాయి. కాదంటే, ఏడాది పాటు ఆయన తిరిగిన తిరుగుడంతా బూడిదలో పోసిన పన్నీరే.

తెర మీద ఎర్రచుక్కలు వెలిగాయి. డంపర్లు గనిలో చీమల్లా తిరుగుతున్నాయి. జీఎం గారు తలూపారు.

"బాగుంది. అదేమిటి, ఆ ఒక్కటీ దూరంగా ఉంది?"

కామరాజు చూశాడు. ఇరవై ఏడో నంబరు గనిలో లేదు, వర్క్‌షాపులోనూ లేదు. కార్మికుల కాలనీలో, క్వార్టర్ల వెనక సందులో ఉంది. పైగా కదులుతోంది.

ఆయన వర్క్‌షాపుకు ఫోను చేశాడు. అక్కడ ఫోనెత్తింది ఫిట్టరు పోశం. వరసకు సదయ్యకు బావమరిది. డబ్బా ఎక్కడికి పోయిందో తెలిసిన ఒకే ఒక్క మనిషి.

"పోశం, ఇరవై ఏడో బండి అక్కడే ఉందా?"

బండి అక్కడే ఉంది. పోశం వీపు దానికే ఆనించి ఉంది. కానీ ఉందని చెబితే సారు వచ్చి చూస్తాడు, చూస్తే డబ్బా లేదని తెలుస్తుంది, తెలిస్తే బావ ఉద్యోగానికి ఎసరు వస్తుంది.

"లేదు సార్. బ్రేకులు అయిపోయినయి. ట్రయలు చూస్తనని సదయ్య తీస్కపోయిండు."

కామరాజు ఫోను పెట్టేసి, వెంటనే గేటు దగ్గరి సెక్యూరిటీ జమేదారు నర్సింగానికి చేశాడు.

"నర్సింగం, గేటులోంచి డంపరు బయటికి పోయిందా?"

నర్సింగం కాసేపటి కిందట గేటు వదిలి మిర్చీబజ్జీల బండి దగ్గరికి పోయి వచ్చాడు. చేతికి ఇంకా నూనె ఉంది. తను లేనప్పుడు ఏం పోయిందో, ఏం రాలేదో ఆయనకు తెలియదు. కానీ ఇంజనీరు గారు అడుగుతున్నాడంటే ఏదో పోయే ఉంటుంది.

"పోయింది సార్! నేను అడ్డం నిలబడ్డ. చెయ్యి చాపి ఆపిన. ఆగలే సార్! పక్కకు దుంకకుంటే నా పానమే పోతుండె!"

ఇద్దరు సాక్షులు దొరికిన తరువాత కామరాజుకు ఇంక అనుమానం మిగల్లేదు. జీఎం గారు కుర్చీలో ముందుకు వంగారు.

"వేగం ఎంత?"

"గంటకు మూడు కిలోమీటర్లు సార్."

"అంటే జాగ్రత్తగానే నడుపుతున్నాడు."

చుక్క కాలనీ దాటింది. మెయిన్ రోడ్డు మీద కాసేపు నిలబడింది. తరువాత నేరుగా కూరగాయల మార్కెట్లోకి మళ్లింది. కామరాజు పైప్రాణాలు పైనే పోయాయి. ఎందుకంటే ఆ టైముకు ఆయన భార్య లలితాంబ అక్కడే వంకాయలు ఏరుతూ ఉంటుంది. ఆయన ఆమెకు ఫోను చేశాడు. అవతల ఒకటే కేకలు, అరుపులు.

"లలితా! మార్కెట్లోకి వచ్చిందా?"

"ఆఁ, వచ్చిందండీ! మీకెలా తెలుసు? అబ్బబ్బ, ఇంత లావుంది! తోటకూర కొట్టు మీద పడిపోయింది! జనమంతా పరుగులు!"

"నువ్వు పక్కకు తప్పుకో! ఎవరికైనా దెబ్బలు తగిలాయా?"

"ఏమిటీ? వినపడట్లేదండీ. ఆవిడెవరో చీపురుతో కొడుతోంది దాన్ని!"

ఫోను తెగిపోయింది. ఎవరో చీపురుతో డంపర్ని కొడుతున్నారని విని జీఎం గారు కొంచెం విస్తుపోయినట్టు కనిపించారు. కానీ భయంలో మనుషులు ఏమైనా చేస్తారని తనకు తానే సర్దిచెప్పుకున్నారు. జీపును మార్కెట్‌కు పంపారు. జీపు డ్రైవరు అక్కడికి చేరి వైర్‌లెస్‌లో చెప్పిన మాటలు ఇవి:

"సార్, కూరగాయలన్ని చెల్లాచెదురు అయినయి. జనం తిడుతున్నరు. అది మాత్రం ఈడ లేదు. ఎటు పోయిందని అడిగితే గోదారి దిక్కు పోయిందంటున్నరు."

ఏది పోయిందని అతను అడగలేదు. వాళ్లు చెప్పనూ లేదు.

కామరాజు సదయ్య సెల్‌ఫోనుకు చేశాడు. మోగింది. వర్క్‌షాపులో డంపరు చక్రం చాటున కూర్చున్న సదయ్య, తెర మీద సారు పేరు చూసి ఫోను బందు పెట్టేశాడు. రెండోసారి చేస్తే స్విచాఫ్. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ మీద ఎర్రచుక్క గోదావరి ఒడ్డు దాటి నీళ్లలోకి దిగింది. దిగి, ఆగిపోయింది.

"బ్రేకులు పడలేదు సార్," అన్నాడు కామరాజు. "నా డబ్బాలు, నా కంప్యూటరు ఎటు పోయినా పోనీయండి. సదయ్య ఉన్నాడు సార్ లోపల. వాళ్లావిడ మా ఇంటికి పాలు పోస్తుంది."

జీఎం గారు లేచి నిలబడ్డారు. "రెస్క్యూ టీముకు చెప్పండి. క్రేను, తాళ్లు, అంబులెన్సు, ఈత వచ్చిన వాళ్లు, అందరూ గోదావరికి."

గని సైరను మోగింది.

వర్క్‌షాపులో సదయ్య చక్రం చాటు నుంచి తల బయటపెట్టాడు.

"పోశం, సైరను ఎందుకు కొడుతున్నరు?"

పోశం అప్పుడే రెండో ఫోను పెట్టేసి వచ్చాడు.

"బావా, నువ్వు గోదాట్ల పడ్డవంట."

"నేనా? ఎప్పుడు?"

"ఇప్పుడే. బండితో సహా."

"ఈడ్నే ఉన్న గదరా నీ ముంగట!"

"ఇందాక సారు అడిగితే, నువ్వు బండి తీస్కపోయినవని చెప్పిన. గందుకని నువ్వు ఈడ లేవు బావా. మొత్తానికి లేవు."

సదయ్యకు మొదట కోపం వచ్చింది. తరువాత అసలు సంగతి తట్టింది. ఎర్రచుక్క గోదావరిలో ఉందంటే సుక్కి గోదావరిలో ఉంది. గుంజ పెరుక్కుంది. ఎక్కడో బురదలో ఒంటరిగా పడి ఉంది. పోయిన కాన్పునాటి తుమ్మపొదలు అతని కళ్లముందు మెదిలాయి. ఉద్యోగం సంగతి మరిచిపోయాడు. పోశం మోపెడ్ తీసుకుని బయటపడ్డాడు.

గేటు దగ్గర నర్సింగం నిలబడి ఉన్నాడు. చచ్చిపోయిన మనిషి మోపెడ్ మీద రావడం చూసి ఆయన చేతిలోని లాఠీ కిందపడింది.

"సదయ్యా! నువ్వు డంపర్ల పోయినవ్ గదా?"

సదయ్య బండి ఆపాడు. "నేను పోతాంటే నువ్వు చూసినవా కాకా?"

"చూసిన... అడ్డం నిలబడ్డ గదా..."

"నేను ఆగిన్నా?"

నర్సింగం అతని మొహంలోకి చూశాడు. అతను నర్సింగం మొహంలోకి చూశాడు. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి పూర్తిగా అర్థమైంది. సదయ్య బతికే ఉన్నాడని చెబితే, తను ఆపినదేమిటో కూడా నర్సింగం చెప్పుకోవాల్సి వస్తుంది. ఆయన మారుమాట లేకుండా గేటు కర్ర పైకెత్తాడు.

"జల్ది పో బిడ్డా," అన్నాడు మెల్లగా. "నేను నిన్ను చూడలే."

కమాన్‌పూర్‌లో సారక్క కొత్త ఇంట్లో పాలు అప్పుడే పొంగుకొస్తున్నాయి. లింగవ్వ ఫోను మోగింది. కాలనీలో పక్కింటామె ఏడుస్తూ చెప్పిన దాంట్లో ఆమెకు మూడే మాటలు అర్థమయ్యాయి: డంపరు, గోదారి, సదయ్య. ఎవరు ఆటో మాట్లాడారో, ఎవరు ఎక్కించారో ఆమెకు తెలియదు. దారి పొడుగునా మొగుడి ఫోనుకు చేస్తూనే ఉంది. ప్రతిసారీ స్విచాఫ్ అనే వస్తున్నది. ఇంటికి రాకు అని పొద్దున తను అన్న మాట చెవిలో గింగురుమంటున్నది. నెత్తి మీద కొట్టుకుంటూ, "నా నోట్లె మన్నుపడ, నేనే పొమ్మన్న, నేనే రాకన్న," అని ఏడుస్తూ ఆమె ఆటో దిగేసరికి గోదావరి ఒడ్డు జాతరలా ఉంది.

క్రేను వచ్చింది. అంబులెన్సు వచ్చింది. నడుములకు తాళ్లు కట్టుకుని రెస్క్యూ టీము వచ్చింది. చేపలు పట్టేవాళ్లు తెప్పలు తెచ్చారు. డంపరు మునిగిన చోట నీళ్లు ఎగదన్నడం కళ్లారా చూశామని ఒడ్డున ఇద్దరు ముగ్గురు చేతులు తిప్పుతూ వర్ణిస్తున్నారు కూడా. కానీ నీటిలో ఎక్కడా డంపరు జాడ లేదు. ఇంత బండి మునగాలంటే తాటిచెట్టంత లోతు కావాలి. అక్కడ నీళ్లు మోకాలి దాకా ఉన్నాయి.

కామరాజు ల్యాప్‌టాపును హారతి పళ్లెంలా రెండు చేతులా పట్టుకుని, దాన్నే చూస్తూ నడుస్తున్నాడు. వెనక ప్యాంటు మడిచి జీఎం గారు, ఆయన వెనక రెస్క్యూ టీము, వాళ్ల వెనక ఊరు.

"ఎటు?" అన్నారు జీఎం గారు.

"ఆ తుంగ వెనకాల చూపిస్తోంది సార్. దగ్గర్లోనే."

"తుంగ వెనకాల అంత బండి ఎలా దాక్కుంటుందయ్యా?"

అప్పుడే తుంగ వెనక నుంచి లోతైన మూలుగు ఒకటి వినిపించింది. జనం ఆగిపోయారు.

"సదయ్యా!" అని కేక వేశారు జీఎం గారు. "బతికున్నావా?"

"బతికే ఉన్న సార్!" అని లోపలి నుంచి రొప్పుతూ జవాబు వచ్చింది. "ఎవలన్న జర జల్ది రాండ్రి! ఒక్కనితోని అయితలేదు!"

అందరూ తుంగ తోసుకుని ఉరికారు. సదయ్య తొడల దాకా బురదలో దిగబడి ఉన్నాడు. అతని ముందు సుక్కి పక్కకు ఒరిగి పడి ఉంది. వెనక నుంచి దూడ ముందుకాళ్లు రెండూ బయటికి వచ్చాయి. అంతకు మించి రావడం లేదు. సుక్కి కళ్లు తేలేస్తోంది. దాని మెడలో, తువ్వాల మూటలో, ఇరవై ఏడో నంబరు డంపరు తాలూకు డబ్బా భద్రంగా ఉంది.

జనాన్ని చీల్చుకుని లింగవ్వ వచ్చింది. మొగుణ్ని చూసింది. బురదలోకి దిగి, ఏడుస్తూ అతని వీపు మీద రెండు చేతులా నాలుగు బాదింది. ఐదోది కొట్టబోతూ బర్రెను చూసి ఆగిపోయింది. కళ్లు తుడుచుకుంది.

"తాడేది?" అన్నది.

రెస్క్యూ టీములో ఒకతను నడుముకున్న తాడు విప్పి ఇచ్చాడు. లింగవ్వ దాన్ని దూడ కాళ్లకు మెత్తగా బిగించింది. "అది ముక్కినప్పుడే గుంజాలె. ఊకె గుంజితె దుడ్డె సస్తది. సారూ, మీరు ఆ తల పట్టుకోండ్రి, నీళ్లు మింగుతాంది."

ఆ సారు ఎవరో ఆమెకు తెలియదు. జీఎం గారు మాట్లాడకుండా బురదలో కూర్చుని సుక్కి తలను ఒళ్లోకి ఎత్తుకున్నారు. కామరాజు ల్యాప్‌టాపును ఎవరి చేతిలోనో పెట్టి తాడు పట్టుకున్నాడు. సుక్కి ముక్కింది. "ఇగ గుంజుండ్రి!" అన్నది లింగవ్వ. గని మునిగినా మనుషులను తీయడానికి తర్ఫీదు పొందిన రెస్క్యూ టీమంతా ఒక్క ఊపున లాగింది. ఒకసారి, రెండుసార్లు, ఇంకోసారి. జర్రున దూడ జారి వచ్చి కామరాజు ఇస్త్రీ చొక్కా మీద పడింది.

దూడ కదల్లేదు. లింగవ్వ దాని ముక్కులో వేలు పెట్టి జిగురు తీసింది. కొంగుతో ఒళ్లు రుద్దింది. గోదావరి ఒడ్డున అంత జనం ఉన్నా గాలి చప్పుడే వినపడుతోంది. సదయ్య పక్కనే మోకాళ్ల మీద కూర్చుని తనూ రుద్దాడు. అప్పుడు దూడ తుమ్మింది. చెవులు విదిలించింది.

ఒడ్డున ఈలలు, చప్పట్లు. "ఆడ దుడ్డె!" అని ఎవరో అరిచారు. సుక్కి తల తిప్పి దూడను నాకడం మొదలుపెట్టింది.

లింగవ్వ అప్పుడు మొగుడి వైపు తిరిగింది. కొంగు చివరతో అతని మొహం మీది బురద తుడిచింది.

"ఫోను ఎందుకు బంద్ చేసినవ్?"

"సారు చేస్తున్నడని."

"నేను చేస్తనని యాదికి లేదా?"

సదయ్య తలవంచుకున్నాడు. "ఇంటికి రావచ్చునా?" అన్నాడు.

"రా," అన్నది లింగవ్వ. ముక్కు చీది, నవ్వింది.

జీఎం గారు బురదలోంచి లేచి చేతులు కడుక్కున్నారు. ఆయన మొహంలో ఏమీ తెలియడం లేదు.

"డంపరు ఎక్కడ?" అన్నారు జీఎం గారు.

"వర్క్‌షాపుల ఉన్నది సార్," అన్నాడు సదయ్య. "దాన్ని అసలు కదిలియ్యలే. డబ్బా నేనే తీసిన సార్. పులికి కడ్తరని సారు చెప్పిండు..."

జీఎం గారు కామరాజు వైపు చూశారు. కామరాజు గోదావరి వైపు చూశాడు. అంబులెన్సు వెంట వచ్చి జనంలో నిలబడ్డ నర్సింగం ఒక్కో అడుగే వెనక్కి వేస్తున్నాడు.

"జమేదార్, నువ్వు అడ్డం నిలబడ్డావు కదా? దేనికి?"

నర్సింగం అటెన్షన్‌లో నిలబడ్డాడు. "ఏదొచ్చినా అడ్డం నిలబడుడే నా డ్యూటీ సార్. ఇయ్యాల ఏం రాలే."

జీఎం గారి పెదవులు కొంచెం వంకరపోయాయి. అది నవ్వే. కామరాజు భుజం మీద తడి చెయ్యి వేశారు.

"వర్క్‌షాపు అబద్ధం చెప్పింది. గేటు అబద్ధం చెప్పింది. ఒడ్డున ఉన్న పెద్దమనుషులు డంపరు మునగడం కళ్లారా చూశారు. పొద్దున్నుంచి ఒక్క మాట కూడా తప్పు చెప్పనిది మీ డబ్బా ఒక్కటేనయ్యా కామరాజూ. బండ్లన్నింటికీ పెట్టించండి." తరువాత సదయ్య వైపు తిరిగారు. "నీకు మెమో వస్తుంది. జవాబు నిజాయితీగా రాయి. రేపు సెలవు పెట్టుకో, దూడను చూసుకో."

కామరాజు కళ్లలో నీళ్లు తిరిగాయి. సరిగ్గా అప్పుడే ఆయన ఫోను మోగింది. లలితాంబ.

"ఏవండీ, ఇందాక అడుగుతున్నారు, ఆ గేదె దొరికిందా?"

"గేదె అని ముందే చెప్పచ్చు కదే!"

"మీరు అడిగింది దాని గురించే కదండీ? తోటకూర కొట్టావిడ ఇంకా తిడుతోంది. ఆ గేదె ఎవరిదో కనుక్కోండి."

కామరాజు లింగవ్వ వైపు ఒకసారి చూసి, "కనుక్కుంటాను," అని ఫోను పెట్టేశాడు. ఆ తరువాత డబ్బా విప్పడానికి సుక్కి దగ్గరికి పోబోతే లింగవ్వ అడ్డం వచ్చింది.

"వద్దు సారూ. ఇప్పుడే ఈనింది. మెడ మీద కొత్తోళ్లు చెయ్యేస్తే బెదిరి దుడ్డెను తొక్కుతది. మాయ పడ్డంక నేనే విప్పి, కడిగి, జున్నుతోని కలిపి మీ ఇంటికి తెస్త."

"సరేలే అమ్మా. బండి వర్క్‌షాపులోనే ఉంది కదా, తొందరేముంది?" అన్నాడు కామరాజు ఉదారంగా. ఆయనకు ఆ క్షణంలో ప్రపంచం మీద కోపం లేదు.

జనం కదిలారు. క్రేను వెనక్కి తిరిగింది. దూడను తెప్ప మీదికెక్కించి, సుక్కిని వెంట నడిపించి ఒడ్డుకు చేర్చారు. జీఎం గారు జీపు ఎక్కబోతుండగా వర్క్‌షాపు నుంచి కామరాజుకు పోశం ఫోను. ఈసారి నిజమే చెప్పాలని ఒట్టు పెట్టుకున్నట్టున్నాడు, మాట తడబడుతోంది.

"సార్, ఇరవై ఏడో బండి..."

"తెలుసులే. అక్కడే ఉంది. సదయ్య ఒప్పుకున్నాడు."

"లేదు సార్. ఈపాలి నిజంగనే లేదు. మీరంత గోదాట్ల ఉన్నప్పుడు బ్రేకుల పని అయిపోయింది. రెండో షిఫ్టు ఆపరేటరు తోలుకపోయిండు. కొత్త పిలగాడు. ఏ క్వారీకి పోయిండో తెల్వది, ఫోను ఎత్తుతలేడు. ఆడ బొగ్గు కాడ ఇరవై ఏడు ఏదని అడుగుతున్నరు."

కామరాజు ల్యాప్‌టాపు తెరిచి నంబరు కొట్టాడు. ఎర్రచుక్క గోదావరి ఒడ్డునే నిలకడగా వెలుగుతోంది.

నర్సింగం, సదయ్య తెచ్చిన మోపెడ్ మీద క్వారీలన్నీ తిరుగుతూ, ఎదురొచ్చిన ప్రతి మనిషినీ ఆపి "ఇరవై ఏడు గిట్ల కనబడ్డదా?" అని అడగడానికి బయల్దేరాడు.